గురువారం గురువారం ఎత్తుకుపోయిన మూత

ఆ మూత మాట ఎత్తితే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అదేమీ బంగారపు మూత కాదు. చేపల పడవలో ఇంజిన్ మీద కప్పే ఫైబర్ మూత. బోర్లించిన పెద్ద పెట్టెలా ఉంటుంది, ఇద్దరు పడితే గానీ లేవదు. పడవ నడిపేవాడు దాని మీదే కూర్చుంటాడు, దాని మీదే అన్నం తింటాడు, ఎర చేపలు దాని మీదే తరుగుతాడు. ఏళ్ల తరబడి అంత చాకిరీ చేసి అది అరిగిపోయింది. దాన్ని చూసి కొత్తది చేయమన్నారు. ఆ పనిలో నేను అరిగిపోయాను.

సౌదీలో యన్బూ అనే ఊళ్లో సముద్రం ఒడ్డున పాత పడవలు బాగుచేసే వర్క్‌షాపులో నాది ఫైబర్ పని. కిందటేడాది సంగతి ఇది. నాతోపాటు ఇంకొకాయన ఉండేవాడు. ఆయనది ఆర్మూరు వైపు, నాది జగిత్యాల వైపు. వరస ఏమీ లేదు గానీ వయసును బట్టి కాకా అనేవాణ్ణి. గీకుడు, రుద్దుడు, రంగులు ఆయన పని. రెజిన్ కలిపి అచ్చులు పోయడం నా పని. మా ఇద్దరి మీదా ఇన్‌చార్జి హైదరాబాద్ పాతబస్తీ ఆయన. మాతో తెలుగు, కఫీల్‌తో, అంటే మా యజమానితో, అరబ్బీ, కోపం వస్తే ఉర్దూ. ఆయనకు కోపం ఎప్పుడూ రాలేదు. అదే నా కోపం.

మూత తెచ్చింది ఒక సౌదీ పెద్దాయన. తెల్లటి గడ్డం కాబట్టి యార్డులో అందరూ ఆయన్ని షేబా అనేవారు, ముసలాయన అని అర్థం. మా కఫీల్‌కు దగ్గరి చుట్టం. ఆ మూత మూలలు ఎగిరిపోయాయి. పైన నిండా పగుళ్లు. పగిలిన చోటల్లా ఆయనే కార్ల పుట్టీ పూసి, చేతికి దొరికిన రంగు వేశాడు. నీలం కింద తెలుపు, తెలుపు కింద పచ్చ. అతుకు వేయడానికి కూడా పనికిరాదని చూడగానే చెప్పాను. కఫీల్ వచ్చి చూశాడు. అలాంటి పడవలు ఆ తీరంలో చాలా ఉన్నాయి, వాటిని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకని ఈ మూత మీద అచ్చు తీస్తే, ఆ అచ్చులో ఎవరికి కావాలంటే వాళ్లకు కొత్త మూతలు పోయవచ్చునని ఆయనకు ఆశ పుట్టింది.

ఇన్‌చార్జి నా దగ్గరికి వచ్చి కబురు చెప్పాడు. "ఈ అచ్చు చేసెయ్ మియా. అచ్చు అయిన రోజే నీ ఛుట్టీ. కఫీల్ మాట ఇచ్చిండు."

ఆ ఛుట్టీ, అదే ఇంటికి పోయే సెలవు, నాకెందుకంత అవసరమో చెప్పాలి. మా అక్కకు నేను ఒక్కగానొక్క తమ్ముణ్ణి. మా వైపు పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయాలంటే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి, మొదటి కత్తెర మేనమామే వేయాలి. అదీ బేసి ఏడులోనే. నేను సౌదీ విమానం ఎక్కేటప్పటికి మా అల్లుడు ఇంకా అక్క కడుపులో ఉన్నాడు. మొదటి ఏడు పోయింది. ఇప్పుడు మూడో ఏడు. అది కూడా దాటితే నాలుగులో తీయకూడదు, ఐదు దాకా ఆగాలి. వాడి జుట్టేమో నడుము దాకా వచ్చింది. అక్క రెండు జడలు వేసి రబ్బరు బ్యాండ్లు పెట్టేది. బస్సులో ఎవరు చూసినా పాప ముద్దుగా ఉందనేవాళ్లు. వాడికి ఆ మాట వింటే పూనకం వచ్చేది.

అక్క ఫోన్ చేసిందంటే ముందు బాగున్నావా అని కూడా అడిగేది కాదు.

"ఎప్పుడొస్తవ్‌రా? వానికి పేండ్లు, నాకు మా అత్త పోరు. మేనమామ లేడా, ఉన్నా లేనట్టేనా అని నలుగుట్ల అంటుంది. పొద్దున లేస్తే గంటసేపు చిక్కు తీసుడే అయితుంది. ఎండకు వాని మెడంత పొక్కింది."

"వస్త అక్కా. ఒక అచ్చు పనున్నది. అది కాంగనే ఛుట్టీ."

"ఏం అచ్చురా అది? ఏమన్న విమానం జేస్తున్నవా?"

విమానమైతే ఈపాటికి ఎగిరేది. అచ్చు పని చెప్పుకోవడానికి ఏమీ లేదు, చేయడానికే ఓపిక కావాలి. పాత మూత మీద ఉన్న రంగంతా గీకేయాలి. గుంటలు నింపాలి, మూలలు కట్టాలి, నీళ్లు పోస్తూ సన్న ఎమరీ కాగితంతో రుద్దాలి. అద్దంలా మెరవాలి. ఎందుకంటే దాని మీద ఏ గీత ఉంటే ఆ గీత అచ్చులోకి వస్తుంది, అచ్చులో నుంచి పోసిన ప్రతి మూత మీదికీ వస్తుంది. మెరిశాక మైనం పట్టించాలి, ఒకటికి పదిసార్లు తుడవాలి. ఆ పైన జెల్‌కోట్ పూయాలి. జెల్‌కోట్ అంటే చిక్కటి రంగు రెజిన్, అచ్చుకు లోపలి చర్మం అదే. దాని మీద గాజునార పరిచి మామూలు రెజిన్‌తో తడుపుతూ మందం పెంచాలి. అది గట్టిపడ్డాక పాత మూతను బయటికి లాగితే మిగిలే గుల్లే అచ్చు. జెల్‌కోట్ పడే దాకా మూత మూతే, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. పడ్డాక ఎవడబ్బ సొమ్మని తీసుకెళ్తాడు, అది అచ్చులో ఇరుక్కుని ఉంటుంది కదా.

మొదటి వారం నేనూ కాకా రంగులన్నీ గీకి, మూలలు కట్టి, ఒక వైపు మెరుగు కూడా పెట్టాం. గురువారం సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే షేబా పికప్ వచ్చి ఆగింది. ఆయన దిగాడు, సలాం చెప్పాడు, మూత ఒక కొస పట్టుకుని రెండో కొస పట్టమని నాకు సైగ చేశాడు.

నేను ఇన్‌చార్జి వైపు చూశాను.

"పట్టు పట్టు," అన్నాడు ఇన్‌చార్జి. "రేపు శుక్రవారం కదా. నమాజు కాంగనే సముద్రం మీదికి పోతడు. మూత లేకుంటే ఏడ కూసుంటడు? శనివారం తెస్తడు."

"భాయ్, పని మధ్యల ఉన్నది. పుట్టీ ఇంక ఆరలే."

"అరె యార్, పెద్దమనిషి అడిగితే కాదంటమా? కఫీల్ చుట్టం. తీస్కపోనియ్."

నేను కట్టిన మూలల్ని నేనే ఎత్తి ఆయన బండిలో పెట్టాను. అంతకంటే ఒళ్లు మండే పని ఆ ఊళ్లో నేను చేయలేదు. శనివారం సాయంత్రం తిరిగి తెచ్చాడు. కట్టిన మూల ఒకటి పోయింది. మెరుగు పెట్టిన వైపు నిండా కత్తి గాట్లు. ఎర చేపల నూనె పుట్టీలోకి దిగింది. ఆ వాసనకు యార్డులో పిల్లులన్నీ వచ్చి మూత చుట్టూ కూర్చున్నాయి. నూనె దిగిన చోట జెల్‌కోట్ నిలవదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. మళ్లీ గీకుడు, మళ్లీ కడుగుడు, మళ్లీ మొదటికే.

రెండో గురువారం కూడా వచ్చాడు. మూడో గురువారం కూడా వచ్చాడు. వారమంతా ఆయనకు పనేమీ లేదు, రిటైరైన మనిషి. ఆదివారం పోవచ్చు, సోమవారం పోవచ్చు. ఊహూ. సముద్రంలో చేపలు శుక్రవారం ఒక్కనాడే ఉంటాయన్నట్టు సరిగ్గా ఆ రోజే వెళ్లాలి. పోనీ వెళ్లు నాయనా, తరిగే చేపలు ఇంకో పలక మీద తరగొచ్చు కదా అని సైగలతో చూపించాను. ఆయన నవ్వి నా భుజం తట్టాడు. తర్వాతి శనివారం గాట్లు ఇంకా లోతుగా ఉన్నాయి.

నాకొక ఉపాయం తోచింది. యార్డులో పడి ఉన్న ప్లైవుడ్ ముక్కలతో ఆ కొలతకే ఒక చెక్క మూత చేశాను. మధ్యాహ్నం అన్నం మానుకుని మరీ చేశాను. కింద కదలకుండా పట్టీలు కొట్టాను, పైన కూర్చోవడానికి స్పాంజి కూడా వేశాను. గురువారం షేబా రాగానే దాన్ని చూపించి, ఇది తీసుకెళ్లు, అది ఇక్కడ వదిలిపెట్టు అన్నాను. ఆయన దాని చుట్టూ తిరిగాడు, స్పాంజి నొక్కి చూశాడు, నన్ను ఎంతో మెచ్చుకున్నాడు. రెండూ బండిలో వేసుకుని వెళ్లాడు.

శనివారం పాత మూత ఒక్కటే తెచ్చాడు. చెక్కది ఏదని అడిగితే బావమరిది పడవకు ఇచ్చానన్నాడు. సోమవారం ఆ బావమరిది వచ్చాడు. చెక్క మూతకు రంగు ఎందుకు వేయలేదని ఇన్‌చార్జిని అడిగాడు. ఇన్‌చార్జి నన్ను అడిగాడు. నేను కాకాను పట్టుకుని తిట్టాను, ఆయనేం పాపం చేశాడో నాకిప్పటికీ తెలియదు. ఎదురుగా ఉన్నాడు, అంతే.

ఇలా అయితే లాభం లేదని అర్థమైంది. శనివారం సాయంత్రం నుంచి గురువారం సాయంత్రం లోపల గీకుడు, రుద్దుడు, మైనం అన్నీ ముగించి జెల్‌కోట్ పూసేయాలి. ఒక్కసారి పూశామంటే షేబా కాదు, కోస్ట్‌గార్డు వచ్చినా మూతను కదిలించలేరు. అక్క దగ్గర నుంచి కూడా ఆ వారమే గట్టిగా వచ్చింది.

"అయ్యగారు చెప్పిండు. ఈ నెల దాటితే వానికి మూడు నిండుతయి. ఇగ ఐదు దాక ముట్టుకోవద్దట. రెండేండ్లు ఈ జుట్టుతోని బడికి తోలాల్నారా? నువ్వు రానంటే రానని చెప్పు. మా ఆయన పెద్దనాయన కొడుకు బామ్మర్ది ఉన్నడు, వాని ఒళ్లె కూసోవెడుతం."

"ఎవనక్కా వాడు? వాడెట్ల మేనమామైతడు?"

"ఉన్నోడే మేనమామ," అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇక నేను మనిషిలా పనిచేయలేదు. కాకాను కూడా చేయనివ్వలేదు. ఆదివారం నూనె కడగడం అయింది, సోమవారం మధ్యాహ్నానికి మెరుగు అయింది, సాయంత్రానికి మైనం అయింది. మూతలో నా మొహం కనిపించింది. తెల్లారి మంగళవారం జెల్‌కోట్ పూద్దామని సామాను సర్దుకుని పడుకున్నాను.

పొద్దున చూస్తే హార్డెనర్ డబ్బా లేదు. ఆ మందు కలపకపోతే రెజిన్ ఏడాదైనా గట్టిపడదు, పాయసంలా అలాగే ఉంటుంది. స్టోర్ వెతికాను. పెయింటు డబ్బాల వెనక వెతికాను. పిల్లుల్ని కూడా అనుమానించాను. కాకా ఒక మూల కూర్చుని చాలా శ్రద్ధగా చాయ్ తాగుతున్నాడు.

"కాకా, హార్డెనర్ ఏది?"

"ఎందుకు?"

"ఎందుకేంది? జెల్‌కోట్ పూద్దామని."

"ఇయ్యాల మంగళారం."

"అయితే?"

"మంగళారం కొత్త పని ముట్టుకుంటరా? అండ్ల ఇది ఎంటికల పని. ఆ పోరని కోసం జేస్తున్న పని. మంగళారం కత్తెర వడుతరా ఎవరన్న? రేపు బుధారం మంచిగున్నది, పొద్దుగాల్నే పూద్దాం."

"కాకా, ఇది పడవ మూత! దీనికి ఎంటికలేడివి?"

"నీకు తెల్వదు తమ్మీ. నీ అల్లుని మంచికే చెప్తున్న."

డబ్బా ఎక్కడ పెట్టాడో చెప్పలేదు. తిట్టాను, బతిమాలాను, మొక్కాను. ఆయన నా అల్లుణ్ణి ఎప్పుడూ చూడలేదు. వాడి మీద ఆ ప్రేమ ఎక్కడి నుంచి పుట్టిందో నాకర్థం కాలేదు. బుధవారం ఉదయం డబ్బా దానంతటదే వచ్చి బల్ల మీద కూర్చుంది. దానితోపాటు దుమ్ముగాలి కూడా వచ్చింది. ఆకాశం ఎర్రబడింది, ఎదురుగా ఉన్న పడవ కనిపించలేదు. అలాంటి గాలిలో జెల్‌కోట్ పూస్తే ఇసుక అతుక్కుని ఎమరీ కాగితం తయారవుతుంది. మూత మీద గుడ్డ కప్పి, దాని పక్కన మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం. గురువారం మధ్యాహ్నానికి గాలి తగ్గింది. దుమ్ము తుడిచి మళ్లీ మైనం పట్టించేసరికి పికప్ చప్పుడు వినిపించింది.

షేబా దిగి సలాం చెప్పి కొస పట్టుకున్నాడు. నేను వెళ్లి మూత మీద బోర్లా పడుకున్నాను. సిగ్గు లేదు, బిడియం లేదు. రెండు చేతులూ చాచి దాన్ని కావలించుకున్నాను.

"లా! నహీ! ఇయ్య!" అని మూడు భాషల్లో అరిచాను.

ఇన్‌చార్జి పరుగెత్తుకొచ్చాడు. "పాగల్ అయినవా మియా? లే, లే!"

నేను లేవలేదు. జేబులోంచి ఫోన్ తీసి అల్లుడి ఫొటో షేబా మొహం ముందు పెట్టాను. రెండు జడలు, రెండు రిబ్బన్లు, చేతిలో బిస్కట్. నా అరబ్బీ పనిముట్ల పేర్లకే సరిపోతుంది, ఈ గొడవంతా చెప్పడానికి చాలదు. అయినా మొదలుపెట్టాను. అక్క, కొడుకు, జుట్టు, కత్తెర, నేను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. "బింత్?" అన్నాడు. ఆడపిల్లా అని.

"లా, వలద్," అన్నాను. మగపిల్లవాడు.

ఆయన ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత ఇన్‌చార్జి వైపు తిరిగి గట్టిగా ఏదో అడిగాడు. ఇన్‌చార్జి మొదటిసారిగా నా మాటలు ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పాడు. మేనమామ ఒడి సంగతి చెప్పాడు, మూడో ఏడు సంగతి చెప్పాడు, అచ్చు అయితే గానీ ఛుట్టీ లేదన్న సంగతి కూడా గొణుగుతూ చెప్పాడు. షేబా మొహం ఎర్రబడింది. తిట్టడం మొదలుపెట్టాడు. ముందు నన్నే తిట్టాడు. వాళ్లలో బిడ్డ పుట్టిన ఏడో రోజే తల వెంట్రుకలు తీసేస్తారట. మూడేళ్లుగా ఒక పసివాడి నెత్తి మీద ఆ బరువు ఉంచడానికి మీకు మనసెలా ఒప్పిందని అడిగాడు. తర్వాత ఇన్‌చార్జిని పట్టుకున్నాడు. ఇన్ని వారాలుగా తాను అడిగిన ప్రతిసారీ తొందరేమీ లేదు తీసుకెళ్లమన్నావు కదా, తొందర లేనిది నీకా, వీడికా అన్నాడు.

అప్పుడు గానీ ఇన్‌చార్జి సంగతి బయటపడలేదు. నాతో ఏమో కఫీల్ తొందర పెడుతున్నాడని రోజూ అనేవాడు, ఆయనతో ఏమో తొందరే లేదని అనేవాడు. ఇద్దరినీ నొప్పించకూడదని అలా చెప్పాడట. ఇంత మంచివాళ్లతో పనిచేయడం కంటే చెడ్డవాళ్లతో పనిచేయడం సుఖమని నాకు ఆ క్షణంలో అనిపించింది.

షేబా మూత అక్కడే వదిలి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం వెలుగుండగానే జెల్‌కోట్ పూశాం.

శుక్రవారం సెలవైనా మానుకుని గాజునార పరుస్తుంటే ఆయన వచ్చేశాడు. సముద్రానికి వెళ్లే వీల్లేదు కదా, ఏం చేయాలో తోచలేదట. ఒక ఫ్లాస్కులో గహ్వా అనే అరబ్బీ కాఫీ, ఒక డబ్బాలో ఖర్జూరాలు తెచ్చి మా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఎండకు రెజిన్ బకెట్‌లోనే ఉడికిపోతుంటే, చేతిలో బ్రష్ గట్టిపడేలోపు నార మీద రాయాలని నేను చస్తుంటే, ఆయనేమో ఖర్జూరం నోటికందించి తినమంటాడు. ఆరిందో లేదో చూస్తానని రెండుసార్లు వేలు పెట్టాడు. ఎండు ఫైబర్ పొడి అంటుకుని చేయంతా దురద అంటాడు. గురువారం ఎత్తుకుపోవడమే నయం అనిపించింది.

నార పొరలు పరిచి, వెనక చెక్క పట్టీలు కట్టి, కొన్నాళ్లు గట్టిపడనిచ్చాం. మూత తీసే రోజు కూడా షేబా హాజరు. అంచుల్లో చెక్క చీలికలు దిగ్గొట్టాం, సందుల్లో నీళ్లు పోశాం, రబ్బరు సుత్తితో చుట్టూ తట్టాం. మూత కదలలేదు. ఇంకా కొట్టాం. టప్పుమని చప్పుడైంది. అచ్చు పగిలిందనుకున్నాను. పగిలింది అచ్చు కాదు, లోపలి పాత మూత. ఆయన ఎన్నోసార్లు పుట్టీ పూసిన పగుళ్ల దగ్గరే ముక్కలై వచ్చింది. అచ్చు మాత్రం గీత లేకుండా మెరిసిపోతోంది. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది, కాస్త సేపు అక్కడ ఎవరున్నారో కూడా మరిచిపోయాను.

షేబా వంగి ఒక ముక్క తీసుకున్నాడు. దాన్ని వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి చూశాడు. ఖలాస్, అయిపోయింది, అన్నాడు మెల్లగా.

అప్పుడు ఇన్‌చార్జి గొంతు సవరించుకున్నాడు. "మియా, ఇప్పుడు ఆయనకు మూత లేదు. ఒక్క మూత పోసి పోరాదు? ఒక్కటే."

కొత్త అచ్చులో మొదటి మూత పోయాలంటే ముందు అచ్చుకు రోజూ మైనం పట్టించి ఆరబెట్టాలి. ఎంత లేదన్నా వారం పైనే పడుతుంది. ఆ వారంలో మా అల్లుడికి మూడు నిండుతాయి. కాకాకు రెజిన్ కలపడం రాదు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. సుత్తి కింద పడేశాను.

షేబాకు మా మాటలు తెలియకపోయినా మొహాలు తెలిశాయి. ఏమిటని అడిగాడు. ఇన్‌చార్జి చెప్పాడు. ఆయన ఆ ముక్కను జాగ్రత్తగా బండిలో పెట్టుకుని వచ్చి, తనే ఫోన్ తీసి మా కఫీల్‌కు చేశాడు. మాట్లాడటం అయ్యాక ఇన్‌చార్జితో అన్న మాట ఇది. "పడవకు వెంట్రుకలు పెరగవు. అది ఆగుతుంది. వీణ్ణి పంపించు."

ఒక్క శుక్రవారం వదులుకోలేని మనిషి, నేను తిరిగొచ్చే దాకా అన్ని శుక్రవారాలూ ఒడ్డున కూర్చుంటానన్నాడు. నేను ఆయన చేయి పట్టుకున్నాను. ఆయన నా చేయి పట్టుకుని, వచ్చాక మొదటి మూత తనదే, బావమరిదిది కాదు అని రెండుసార్లు చెప్పి ఒట్టేయించుకున్నాడు. ఊరికి వెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా మర్నాడే వచ్చింది.

ఊళ్లో దిగాక అల్లుడు నన్ను చూసి అక్క కొంగులో దూరాడు. ఏం పెట్టినా బయటికి రాలేదు. మర్నాడు పొద్దున్నే అందరం గుట్ట మీది గుడికి వెళ్లాం. మంచి రోజు కాబోలు, గుండ్లు గీసే చోట పెద్ద లైను. అక్క అత్తగారు నన్ను చూసి, వచ్చినావా నాయనా, ఇంకో రెండేండ్లు ఆగి రాకపోయినవా అంది. లైన్‌లో ఉండగా షేబా ఫోన్. తీశారా లేదా అని. ఇంకా లేదంటే, ఇంకా లేదా అని తిట్టాడు.

మా వంతు వచ్చింది. నేను పీట మీద కూర్చున్నాను, వాణ్ణి నా ఒళ్లో పడేశారు. వాడు నా గడ్డం మీద తలతో కొట్టాడు, చేయి కొరికాడు. వాడి కాళ్లు కదలకుండా బావ పట్టుకున్నాడు. మంగలాయన కత్తెర నా చేతిలో పెట్టాడు. ఒక జడ పట్టుకుని, రబ్బరు బ్యాండుకు పైన కత్తిరించాను. నా చేతికి వచ్చింది. రెజిన్‌తో గరుకు తేలిన చేతిలో అది ఎంత మెత్తగా ఉందో చెప్పలేను. తర్వాత మంగలాయన తన పని తాను చేసుకుపోయాడు. కొద్దిసేపట్లో వాడి తల గుండ్రంగా, తెల్లగా బయటపడింది.

తల ఎత్తి అక్క వైపు చూశాను. ఇప్పటికైనా సంతోషిస్తుందని చూశాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమంత తొందరుండెరా నీకు?" అంది. "ఇంకొక్క ఘడియ ఉంచకపోయినవ్?"

"ఏందక్కా? నువ్వే గదా ఏడాది సంది నా పానం తిన్నవ్!"

ఆమెకు నా మాట వినిపించలేదు. కింద పడిన వెంట్రుకల్లో కూర్చుని, వాటిని చేతులతో దగ్గరికి జరుపుకుంటోంది. గుడి వాళ్లు వద్దంటున్నా వినడం లేదు. మూడేళ్లు ప్రతి పొద్దునా తిట్టుకుంటూ చిక్కు తీసిన జుట్టు అది. నా ఒళ్లో వాడు ఏడుపు ఆపి అమ్మ వైపు చేతులు చాచాడు. అక్క తల ఎత్తి వాణ్ణి చూసింది. ఒక్క క్షణం ఆమె చేతులు రాలేదు. ఎవరి పిల్లవాడో అన్నట్టు చూసింది. తర్వాత గబుక్కున నా ఒళ్లోంచి లాక్కుని, ఆ గుండుకు చెంప ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు.

వెనక లైన్‌లోవాళ్లు లేవండి, జరగండి, ఎంతసేపు అని అరవడం మొదలుపెట్టారు. నేను పీట మీంచి లేచి, కళ్లు తుడుచుకోకుండానే వాళ్ల మీద విరుచుకుపడ్డాను.

"ఏం తొందర మీకు? జెర ఆగరాదా!"